బొట్టు నిలవని ముక్క

నేను ఒక ఏరోజెల్ ముక్కను. పేరు కొత్తగా ఉందని కంగారు పడకండి, నా పుట్టిల్లు మీకు బాగా తెలిసినదే. నరసన్నపేట దగ్గర ఒక రైసుమిల్లు వెనకాల పోసిన ఊక బూడిద కుప్పలోంచి వచ్చాను. అన్నం మీరు తిన్నారు, బూడిదగా నేను మిగిలాను. మన చుట్టరికం అంత దగ్గరిది.

నన్ను మొదటిసారి అరచేతిలో పెట్టుకున్నవాళ్ళు కళ్ళు మూసుకుని, "నిజంగానే పెట్టారా?" అని అడుగుతారు. అంత తేలికగా ఉంటాను. నాలో ఉన్నదంతా దాదాపు గాలే. ఆ గాలిని పట్టి ఉంచడానికి సన్నని సిలికా పూసల అల్లిక ఒకటి ఉంది. ఆ పూసలు ఎంత చిన్నవంటే, మీ తలవెంట్రుక ఒకదాన్ని అడ్డంగా కోసి ఆ మందం మీద వరసగా పేరిస్తే పదివేలు పైనే పడతాయి. నానో అని మీరు గొప్పగా చెప్పుకునే లోకం అదే. పూసకూ పూసకూ మధ్య గదులు కూడా అంత చిన్నవే. మామూలు గాలికి వేడిని ఒక చోటినుంచి ఇంకో చోటికి మోసుకెళ్ళే అలవాటు ఉంది కదా. నా గదుల్లో దానికి కాళ్ళు చాపుకునే జాగా కూడా లేదు, ఇక పరిగెత్తడం ఎక్కడ? అందుకే వేడి నన్ను దాటి పోలేదు. ఇది నా గొప్ప కాదు, ఇంత చిన్న గదులు కట్టడం నేర్చుకున్న మనుషుల గొప్ప. కంటికి కనిపించని ఇల్లు కట్టి, అందులో గాలిని అద్దెకు దింపిన జాతి మీది. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు మీమీద ముచ్చటేస్తుంది.

అలాగని మీ మాటలు నన్ను బాధించలేదని కాదు. "ఏముంది ఇందులో, అంతా ఖాళీ" అని ఎంతమంది అన్నారో. ఆ మాట వినబడ్డప్పుడల్లా నాకు చిన్నతనంగా ఉండేది. అది ఎలా పోయిందో చెప్పడానికే నోరు విప్పాను.

నన్ను చేసిన అమ్మాయి పేరు హైమవతి. విశాఖపట్నంలో ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తోంది. సొంతూరు నరసన్నపేటే. ఆరేసిన బట్టల మీద బూడిద రాలుతోందని వాళ్ళమ్మ ఆ రైసుమిల్లును తిట్టని రోజు లేదట. ఆ బూడిదనే గోనెసంచికెత్తి, బస్సులో కాళ్ళ దగ్గర పెట్టుకుని విశాఖ తెచ్చింది హైమ. "ఏటమ్మా అది?" అని కండక్టరు అడిగితే, "నా చదువండి" అందట.

బూడిదను కడిగి, కాస్టిక్ సోడాతో ఉడికించి, గాజులాంటి చిక్కని నీళ్ళు చేసింది. అందులో ఆమ్లం చుక్కలు వేస్తే పెరుగు తోడుకున్నట్టు తోడుకుంది. ఇక అసలు తిప్పలు అక్కడినుంచే. ఆ జున్నులోంచి నీళ్ళు తీసెయ్యాలి, గదులు మాత్రం కూలకూడదు. నీళ్ళకు ఒక పాడు బుద్ధి ఉంది. ఆరిపోతూ ఆరిపోతూ పక్కనున్న గోడలన్నింటినీ తనవైపు లాక్కుని మరీ పోతాయి. అందుకని మెల్లమెల్లగా నీళ్ళ చోట వేరే ద్రవాలు పోసి, ఆఖరికి పెద్ద ఒత్తిడి యంత్రంలో పెట్టి, గోడలకు తెలియకుండా ఆ ద్రవాన్ని తప్పిస్తారు. అలా పుట్టిన నా తోబుట్టువులు లేత నీలంగా, అటువైపు మనిషి కనిపించేంత తేటగా ఉండేవారు. చూడముచ్చటైన పిల్లలు.

నా సంగతి వేరు. నన్ను ఆ యంత్రంలో పెట్టలేదు. ఆరబెట్టే ముందు హైమ నన్ను ఒక ఘాటు వాసన మందులో ముంచింది. నా గదుల గోడలన్నింటికీ నీళ్ళంటే సరిపడని పూత పట్టించడం ఆమె ఆలోచన. తర్వాత మామూలు ఓవెన్‌లో ఆరబెట్టింది. బయటికొచ్చాక చూస్తే నేను పాలు కలిపినట్టు తెల్లగా, మసకగా ఉన్నాను. ఒక మూల కాస్త చిట్లింది కూడా.

ఆ ప్రయోగశాల పెద్ద ప్రొఫెసర్ సాంబమూర్తి గారు. మంచివారే, పిల్లలకు పని నేర్పించే మనిషి. కానీ ఆయనకు ఏరోజెల్ అంటే నీలంగా, తేటగా ఉండాలి. నన్ను కళ్ళజోడు పైకెత్తి చూసి, "ఇదేమిటమ్మా, నిన్నటి ఇడ్లీలా ఉంది?" అన్నారు. అంతే. నాకు ఏ పరీక్షా జరగలేదు. పెళ్ళిచూపుల్లో పిల్ల రంగు చూసి లేచిపోయినవాళ్ళను మీరు ఎరుగుదురు కదా, ఇంత చదువుకున్న చోట కూడా ఆ అలవాటు పోలేదు. పూత వల్ల నీళ్ళు అంటవని పుస్తకాల్లో రాసే ఉంది, హైమ చదివే చేసింది. కానీ పెద్దాయన ముఖం అలా పెట్టాక, ఒక్క చుక్క వేసి చూద్దాం సార్ అనే ధైర్యం ఆ పిల్లకు లేకపోయింది. నన్ను కిటికీ పక్క అరలో పారేసింది. పారేసింది అన్నాను గానీ, కింద దూది వేసి మరీ పెట్టింది.

ఆ అరలో నాకు మంచి సావాసం దొరికింది. ఒక సీసాలో ఎర్రటి నీళ్ళుండేవి. అది బంగారమట! బంగారాన్ని నానో రేణువులుగా చేస్తే పసుపు పోయి కుంకుమ రంగు వస్తుంది. దాంతో జబ్బులు కనిపెట్టే పరీక్షలు చేస్తారు. ఇంకో డబ్బాలో గ్రాఫీన్ అనే నల్లపొడి. పెన్సిల్ ముల్లులోని కార్బనే, కాకపోతే ఒక్క పరమాణువు మందం రేకుగా విడదీశారు. ఉక్కుకన్నా గట్టిదని దానికి కొంచెం టెక్కు. అందరం ఇళ్ళల్లో పొయ్యిలో, పెన్సిల్లో, నగలపెట్టెలో పడుండేవాళ్ళమే. చిన్నగా చెయ్యడం తెలిసిన చేతుల్లో పడి కొత్త గుణాలు తెచ్చుకున్నాం. వాటి మధ్య కూచుని నేను అనుకునేదాన్ని, అందరికీ ఏదో పని ఉంది, నాకే లేదని.

హైమకు మాత్రం నామీదో నా తోబుట్టువుల మీదో ఆధారపడ్డ పని ఒకటుంది. అది ఉద్యోగం కోసం కాదు. వాళ్ళక్క కాంతమణి కోసం.

కాంతమణి పాడేరు పైన కొండల్లో ఆరోగ్య కార్యకర్త. టీకాల పెట్టె భుజాన వేసుకుని, జీపు పోయినంత దూరం జీపులో, ఆపైన నడిచి, వాగులు దాటి పల్లెలకు వెళ్తుంది. పెట్టెలో మంచు ఉంటుంది. మంచు బరువుకు భుజం లాగేస్తుంది, కరిగితే మందు పాడైపోతుంది. ప్రతి టీకా సీసా మీదా ఒక చిన్న గడి ఉంటుంది. మందు చల్లగా ఉన్నంతకాలం ఆ గడి తెల్లగా ఉంటుంది, వేడి తగిలేకొద్దీ నల్లబడుతుంది. నల్లబడ్డ సీసాలో మందు ఏ పిల్లకూ వెయ్యకూడదు.

ఒక వానాకాలం బొండ్రుగూడ అనే పల్లెకు వెళ్ళేసరికి వాగు పొంగి ఆలస్యమైంది. మంచంతా నీళ్ళయింది. చుట్టుపక్కల కొండలమీదనుంచి తల్లులు చంటిపిల్లల్ని వీపున కట్టుకుని తడుస్తూ వచ్చి కూచున్నారు. కాంతమణి పెట్టె తీసింది. గడులన్నీ నల్లగా ఉన్నాయి. అందరినీ వెనక్కి పంపింది. మళ్ళీ నెలలో మంచి మందుతో వెళ్తే ఒక్క తల్లీ రాలేదు. ఎవరిమీద కోపం పెట్టుకోగలదు ఆవిడ? ఆ వేళ చెల్లెలికి ఫోను చేసి, "పెట్టె నిండుగా తీసుకెళ్ళేనే హైమా, నిండుగానే తెచ్చీసేను" అని ఏడ్చిందట. ఈ మాట హైమ ఒకరోజు అటెండరు అప్పలకొండతో చెబుతుంటే విన్నాను. ఏరోజెల్ గోడలున్న పెట్టె ఉంటే కొద్దిపాటి మంచుతోనే మందు ఎక్కువకాలం చల్లగా ఉంటుంది, అక్క భుజం తేలికవుతుంది, ఆ తల్లులు మళ్ళీ వస్తారు. హైమ పట్టుదలంతా అందుకే.

ఆ ఏడు దసరా వెళ్ళగానే ఢిల్లీ నుంచి నిపుణులు వస్తున్నారు. ఈ పని కొనసాగించాలా, ఆపెయ్యాలా తేల్చేది వాళ్ళే. హైమ తేటగా వచ్చిన ముక్కలన్నింటినీ బల్లమీద నల్లగుడ్డ పరిచి వరసగా పెట్టింది. నేను అరలోంచి చూస్తున్నాను. అసూయ పడలేదంటే అబద్ధమవుతుంది.

మహానవమి వచ్చింది. మీరు నవ్వుతారేమో గానీ, మా ప్రయోగశాలలో ఆయుధపూజ జరగని ఏడాది లేదు. సాంబమూర్తి గారికి దేవుడి మీద పెద్ద పట్టింపు లేదు. అయితే ఒక ఏడాది పూజ మానేస్తే ఆ ఏడాదే ఒత్తిడి యంత్రం పాడైందట. "నమ్మకం కాదు, జాగ్రత్త" అంటారాయన. మామిడాకుల తోరణం కట్టారు, యంత్రాలకు బంతిపూల దండలు వేశారు. అప్పలకొండ పొద్దున్నే తలంటు పోసుకుని, కొత్త లుంగీ కట్టుకుని, గిన్నెలో పసుపు నీళ్ళు కలుపుకుని వచ్చాడు. మామిడాకుతో ఆ నీళ్ళు చల్లి, తడి కుంకుమతో బొట్టు పెడుతూ అన్నింటినీ వరసన చుట్టి వస్తున్నాడు. మైక్రోస్కోపుకు పెట్టాడు, ఓవెన్‌కు పెట్టాడు, ప్రింటరుకు పెట్టాడు, చీపురును కూడా వదల్లేదు.

హైమ అంటే అతనికి సొంత కూతురి మీద ఉన్నంత ప్రేమ. ఆ పిల్ల పని గట్టెక్కాలని మొక్కుకున్నాడు కూడా. ఆ ప్రేమతోనే బల్ల దగ్గరికి వెళ్ళి, నల్లగుడ్డ మీది ముక్కల మీద పసుపు నీళ్ళు చిలకరించి, ఒక్కొక్కదానికీ శ్రద్ధగా బొట్టు పెట్టాడు. నీళ్ళు తగలకూడదన్న సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. ఏరోజెల్ దగ్గరికి నీళ్ళు ఎవరు తెస్తారని అనుకున్నారు.

హారతి పళ్ళెంతో లోపలికొచ్చిన హైమకు ముందు చప్పుడు వినిపించింది. పెనం మీద ఆవాలు చిటపటలాడినట్టు సన్నని చప్పుడు. నా తోబుట్టువులు విరిగిపోతున్నారు. బొట్టు పడ్డ చోటునుంచి నీళ్ళు లోపలికి పాకి, గదుల గోడల్ని లాగేస్తుంటే, ఒక్కొక్కరూ ముడుచుకుపోయి, చిట్లి, నలిగిన గాజుపెంకుల్లా అయిపోయారు. నాకు నోరుంటే కేక పెట్టేదాన్ని.

"అయ్యో అప్పలకొండా!" అంది హైమ.

"ఏటయిపోనాది తల్లీ? బొట్టెట్టినాను గదా, మంచి జరగాలనే ఎట్టినాను" అన్నాడు అప్పలకొండ. గిన్నె కింద పెట్టి, ఆ పెంకుల్ని చేతుల్లోకి తీసుకోబోయాడు. అవి ఇంకా పొడి అయిపోయాయి. పెద్ద మనిషి, అక్కడే నేలమీద కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

సాంబమూర్తి గారు వచ్చి ఆ పెంకుల్ని చూశారు. తర్వాత అప్పలకొండ మీద విరుచుకుపడ్డారు. హైమ ఏడవడానికి కిటికీ వైపు తిరిగింది, అంతే. తిరిగితే ఎదురుగా నేను.

అప్పలకొండ ఎవరినీ వదలని మనిషని చెప్పాను కదా. బల్ల దగ్గరికి వెళ్ళే ముందే కిటికీ అర మీదా ఒక చేతి విసురు విసిరాడు. నామీద పసుపు నీళ్ళ చుక్క ఒకటి నిలబడి ఉంది. తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా, మెరుస్తూ, కదులుతూ. హైమ నన్ను వేలితో కొంచెం వంచింది. ఆ చుక్క దొర్లుకుంటూ పోయి కింద దూదిలో పడింది. నేను పొడిగా ఉన్నాను. కొత్తగా ఎక్కడా చిట్లలేదు.

హైమ గిన్నె తీసుకుని మొత్తం పసుపు నీళ్ళన్నీ నామీద గుమ్మరించింది! నీళ్ళన్నీ నేల పాలయ్యాయి, నేను అలాగే ఉన్నాను.

"సార్, ఇటు చూడండి."

"ఆ ఇడ్లీనా?"

"అవును సార్. అక్క వెళ్ళే కొండల్లో వానలు ఎప్పుడూ పడుతూనే ఉంటాయి. పెట్టెకు ఎంత సీలు వేసినా, ఏ ముల్లో గుచ్చుకుని చినిగితే మన నీలం ముక్కలకు ఈ గతే పడుతుంది. ఇవాళ అప్పలకొండ చేసింది రేపు వాన చేస్తుంది. దీనికి మాత్రం ఏమీ కాలేదు."

"కానీ తేటగా లేదు కదమ్మా."

హైమ గొంతు పెద్దది కాదు. అయినా ఆ రోజు పెంచింది. "పెట్టె గోడలోపల ఎవరు చూస్తారు సార్?"

సాంబమూర్తి గారు నన్ను చేతిలోకి తీసుకున్నారు. అటూ ఇటూ తిప్పారు. పెద్దవాళ్ళు తప్పు ఒప్పుకునే పద్ధతి వేరే ఉంటుంది. ఆయన గొంతు సవరించుకుని, "ఇది చేసిన పద్ధతి గుర్తుందా నీకు?" అన్నారు. పండగ సెలవులన్నీ మానుకుని ఇద్దరూ కొలిమి దగ్గర కంసాలుల్లా ఓవెన్ దగ్గరే ఉన్నారు. కొత్త ముక్కలు ఆరడానికి సమయం చాలదు కాబట్టి, నిపుణుల ముందుకు నేనొక్కదాన్నే వెళ్ళాలని తేలింది.

వచ్చినవాళ్ళు ముగ్గురు. హైమ నన్ను కాలే ప్లేటు మీద పెట్టి, నా నెత్తిన పూజలో మిగిలిన బంతిపువ్వు ఒకటి పెట్టింది. కింద ప్లేటు కాలిపోతోంది, పైన పువ్వు వాడలేదు. తర్వాత నన్ను తీసి గ్లాసుడు నీళ్ళు పోసింది. నీళ్ళు జారిపోయాయి. మళ్ళీ ప్లేటు మీద పెట్టింది, మళ్ళీ అంతే. వాళ్ళలో ఒకాయన నన్ను ముక్కు దగ్గరగా పెట్టుకుని, "ఇంత మసకగా ఉందేం?" అని అడిగారు. హైమ నోరు తెరిచేలోగా సాంబమూర్తి గారే అందుకున్నారు. "పెట్టె గోడలోపల ఎవరు చూస్తారండీ?"

హైమ తల వంచుకుని నవ్వు ఆపుకుంది. ఆ మాట ఎవరిదైతేనేం, పని గట్టెక్కింది.

ఆ తర్వాత నాలాంటి వాళ్ళు బోలెడుమంది పుట్టారు. నరసన్నపేట బూడిద సంచులు సంచులుగా వచ్చింది. మిల్లు యజమాని దాన్ని ఎవరో అడుగుతున్నారంటే నమ్మలేదట. మమ్మల్ని పలకలుగా పేర్చి, రేకుల మధ్య బిగించి పెట్టె చేశారు. నన్ను మూతలో పెట్టింది హైమ, చిట్లిన మూలతో సహా. బిగించబోయే ముందు అప్పలకొండను పిలిచింది. అతను దసరా నాటినుంచి మా బల్ల దగ్గరికి రావడమే మానేశాడు.

"బొట్టు పెట్టు" అంది.

"వొద్దు తల్లీ. నా సెయ్యి మంచిది కాదు."

"నీ చెయ్యి వల్లే ఇది బయటపడింది. పెట్టు."

మెల్లగా పెట్టాడు. తడి కుంకుమ ముద్దగా జారి అతని వేలికే వచ్చేసింది. "నిలబడ్డం లేదమ్మా" అన్నాడు బెంగగా. "అందుకే మంచిది" అంది హైమ. ఈసారి అతను నవ్వాడు. ఎంత మంచి నవ్వో.

కాంతమణి నన్ను భుజానికెత్తుకున్న రోజు వాన పడుతోంది. "ఇందులో మంచు సరిగ్గా పెట్టేరా, ఇంత తేలికగా ఉందేటి?" అని అనుమానపడింది. దారిలో ఒకచోట జారి పడ్డప్పుడు రాయి తగిలి పైరేకు చినిగింది. వాననీళ్ళు లోపలికొచ్చి నా ఒంటిమీదినుంచి జారుకుంటూ పోయాయి. బయట గాలి ఉడికిస్తోంది, లోపల మందు చల్లగా ఉంది. మధ్యలో నేను నిలబడ్డాను. నేను చెయ్యగలిగింది అదొక్కటే, దాన్ని ఒళ్ళంతా పెట్టి చేశాను.

బొండ్రుగూడలో ఒక్కతే వచ్చింది. పేరు ముత్తెమ్మ, అప్పుడు వెనక్కి వెళ్ళిన తల్లుల్లో ఒకతి. చంటిపిల్లను గట్టిగా పొదువుకుని, దూరంగానే నిలబడి అడిగింది.

"గడి తెల్లగుందా?"

కాంతమణి మూత తీసి, సీసా ఆమె చేతిలోనే పెట్టింది. ముత్తెమ్మ దాన్ని వెలుతురుకేసి పట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది. గడి తెల్లగా ఉంది.

పిల్లను కాంతమణి ఒళ్ళో పడుకోబెట్టింది. సూది పడగానే ఆ పిల్ల అందుకున్న ఏడుపు కొండంతా వినిపించింది. ముత్తెమ్మ ఇళ్ళవైపు తిరిగి వాళ్ళ భాషలో ఏదో కేకేసింది. ఒక తలుపు తెరుచుకుంది, ఇంకో తలుపు తెరుచుకుంది. పిల్లల్ని వీపున కట్టుకుని ఒక్కొక్కరే వానలోకి వచ్చారు. వచ్చిన ప్రతి తల్లీ సీసా చేతిలోకి తీసుకుని గడి చూసుకుంది. ఆనక ముత్తెమ్మ పెట్టె మీద తట్టి, "ఏముంది లోపల?" అని అడిగితే, "గాలమ్మా. మా చెల్లి కట్టి పెట్టిన గాలి" అంది కాంతమణి. ముత్తెమ్మ నమ్మినట్టు లేదు. కానీ పెట్టె మీది వాననీళ్ళను చీరకొంగుతో తుడిచింది.

తిరిగి వస్తూ ఫోను పలికే మలుపు దగ్గర కాంతమణి ఆగింది. నన్ను బండమీద దింపి, మూత తెరిచి లోపలికి మరోసారి చూసుకుంది. చెల్లెలు ఫోను ఎత్తగానే ఏడ్చేసింది. అవతల హైమ, "ఏమైందే అక్కా? చెప్పవే, ఏమైంది?" అని కంగారు పడుతోంది.

"ఏమీ అవలేదే హైమా" అంది కాంతమణి. "పెట్టె ఖాళీగా తెస్తున్నాను."